పెట్రోలు వాసన పోయేదాకా

మా యశ్వంతనగర్‌లో ఏ కారు బానెట్ ఎత్తినా మొదట కనపడేది ఇంజను కాదు, ఎరుపు. గనుల నుంచి దిగే టిప్పర్లు పొద్దస్తమానం మా వీధి చివరి రోడ్డు మీదే పోతాయి. అవి లేపేది మామూలు దుమ్ము కాదు, ఇనుపరాయి పొడి. ఆరేసిన తెల్లచొక్కాకు అంటిన రంగు సాయంత్రానికి మనకే తెలుస్తుంది. కారు లోపల అంటింది మాత్రం ఏదో ఒకటి చెడిపోయేదాకా తెలియదు.

నాది గుట్టలు కొలిచే పని. పదో తరగతితో చదువు ఆపి లారీలు తూచే వేబ్రిడ్జిలో చీటీలు రాయడానికి చేరాను. లెక్కలు అక్కడే, ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. ఇప్పుడు యార్డుల్లో పోసిన ఖనిజం గుట్ట చుట్టూ టేపు పట్టుకుని తిరిగి, ఎత్తూ వాలూ చూసి, అందులో ఎన్ని టన్నులుందో చెబుతాను. అందువల్ల ఆ పొడి గుణం నాకు తెలుసు. అది బరువైనది. నీళ్లు కొడితే కొట్టుకుపోదు. నీళ్లతో పాటు సందుల్లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. నూనెతో కలిసి ఎండితే గార పూసినట్టు పట్టుకుంటుంది.

నా భార్యకు వారానికి రెండుసార్లు బళ్లారిలో డయాలసిస్. మా ఇంటి నుంచి అరవై కిలోమీటర్లకు అటూఇటూ. పోయేటప్పుడు ఆమె నాతో మాట్లాడుతూ వస్తుంది. వచ్చేటప్పుడు సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంటుంది. బస్సులో ఆ ప్రయాణం ఆమె వల్ల కాదు కాబట్టి మా కారులోనే పోతాం. డయాలసిస్ గదిలోకి పోయేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి బరువు చూస్తారు. ఆ తేడా అంతా ఒంట్లో నిలిచిపోయిన నీళ్లే. నిండు లారీనీ ఖాళీ లారీనీ తూచి తేడా రాయడం ఏళ్ల తరబడి నాకు అన్నం పెట్టిన పని. ఆ గదిలో త్రాసు ముందు నిలబడితే మాత్రం ఆ తేడా పైకి చదవడానికి నాకు నోరు రాదు.

మొన్నటి వానాకాలంలో రోడ్డు తెగి ఒక డయాలసిస్ వంతు తప్పింది. మరుసటి రోజుకల్లా ఆమె పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ నా వైపు చూసింది. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నింటికన్నా ముందు చూసుకునేది ఆ కారునే.

దసరా ముందువారం ఆ కారులో నూనె మాడిన వాసన మొదలైంది. సండూరులో మాకు తెలిసిన మెకానిక్ బానెట్ ఎత్తి, లైటు వేసి చూసి, మళ్లీ దించేశాడు.

“నూనె కారతాండాదన్నా. యాడనుంచో ఈ మట్టిలో నాకేం కనపడుతుంది? పైమూత కింద గ్యాస్కెట్ పోయిందనుకుంటా. కారి కారి సైలెన్సర్ గొట్టం మీద పడతాండాది. ఇప్పుడు పొగ. ఎక్కువ పడిందనుకో, మంట.”

“మరి కడుగు.”

“షెడ్డు పిల్లలంతా దసరా హబ్బకు ఊర్లకు పోయినారు. వాటర్ సర్వీసుకు మాత్రం ఇయ్యొద్దు. వాళ్లు ప్రెషర్ పైపు పెట్టి కొడతారు. వైర్ల జాయింట్లలో నీళ్లు పోయినాయంటే ఇంకో వారం నా దగ్గరే పడుంటాది బండి. ఇంటి దగ్గరే నిదానంగా తుడుచుకో. ఆయుధ పూజ నాడు చీకటి పడేదాకా షెడ్డులోనే ఉంటా. తెస్తే చూసి, గ్యాస్కెట్ మార్చి పంపిస్తా. అది అయినాక నేను బండ్రికి పోతా, మా అత్తగారింటికి. మళ్లీ మూడు దినాలు నన్ను అడగొద్దు.”

ఆయుధ పూజకు మర్నాడే నా భార్య వంతు. పండగ రోజుల్లో అద్దె కార్ల కోసం ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాను. డ్రైవర్లంతా సొంత ఊర్లకు పోయామన్నారు. కాబట్టి ఆ సాయంత్రానికి ఇంజను శుభ్రం కావాలి, కారు సండూరు చేరాలి.

పండగ నాడు ఉదయాన్నే కాఫీ తాగి పని మొదలుపెట్టాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి బండి కదల్చలేదు కాబట్టి ఇంజను చల్లగా ఉంది. ముక్కు ఇంటి మెట్ల వైపు ఉండేలా ముందే పెట్టుకున్నాను. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టాను. ఆల్టర్నేటర్‌కూ ఫ్యూజుల పెట్టెకూ గాలి పీల్చే గొట్టానికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాను. మూతికి తడిగుడ్డ కట్టుకుని, పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి దులపడం మొదలుపెట్టాను. నీళ్లు చివరికి. మా ఊళ్లో అందరూ ముందు నీళ్లు కొడతారు. ఈ మట్టిని ముందు పొడిగానే తీయాలన్నది గుట్టల దగ్గర నాకు తెలిసిన సంగతి.

దులిపిన పొడిని చేటలోకి ఎత్తుతుంటే నా బావమరిది వచ్చాడు. నా భార్యకు తమ్ముడు, దోణిమలై వైపు టిప్పరు నడుపుతాడు. తన బండికి పొద్దున్నే పూజ అయిపోయిందట, నొసట ఇంత కుంకుమ.

“ఏంది బావా, కారుకు తల దువ్వుతాండావా?”

“దువ్వుతున్నానప్పా. నువ్వు ఆ గుడ్డ అందుకో.”

“ఇట్ల దువ్వితే దీపావళికి అయితాది. మా టిప్పరుకు అరగంట. రెండు లీటర్ల డీజిల్ కొట్టి, పైపు పెట్టినామంటే అద్దమే.”

“మీ టిప్పరులో ఇన్ని వైర్లున్నాయా?”

“వైర్లు ఉండాయి, ఇంత ముద్దు లేదు.” అక్కకు వినపడేట్టు గొంతు పెంచాడు. “అక్కా, నిన్నైనా ఇట్ల తుడిచినాడా ఎప్పుడన్నా?”

లోపలి నుంచి ఆమె అంది. “నన్ను తుడిచేదానికి బళ్లారిలో మిషన్ ఉండాది లేరా. నువ్వు చెయ్యి కడుక్కుని రా, వడలు తిందువు.”

ముగ్గురం నవ్వాం. ఆమె గొంతులో ఆయాసం లేదు. ఆ ఉదయం నేను నిదానంగా పని చేయగలిగింది అందువల్లే.

పదకొండింటికి పొడిమట్టి చాలావరకు వచ్చేసింది. మిగిలింది నూనె తాగి గడ్డకట్టిన భాగం. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రుద్దాను. నానాలి, రుద్దాలి, తుడవాలి, మళ్లీ నానాలి. పైమూత అంచు మాత్రం లొంగలేదు. మెకానిక్ చూడాల్సింది సరిగ్గా ఆ అంచునే. నా లెక్క ప్రకారం ఇంకో రెండు గంటల పని. బకెట్లో నీళ్లు ఎర్రటి బురదైపోయాయి. ఆ రోజు మా కొళాయికి నీళ్లు లేవు. వీధి చివరి బోరు దగ్గర నుంచి తేవాలి.

“నేను రెండు క్యాన్లు తెస్తాను. నువ్వు ఏమీ చెయ్యొద్దు. ఊరికే చూస్తూ ఉండు” అని బావమరిదికి చెప్పాను.

“పో బావా. ఎత్తుకుని పోనులే నీ ఇంజను.”

బోరు దగ్గర పండగ రద్దీ. వరుసగా నిలబెట్టిన బైకులూ ఆటోలూ కడుగుతున్నారు. ఎర్రనీళ్లు రోడ్డు మీద పారుతున్నాయి. నా వంతు వచ్చేసరికి అనుకున్నదానికన్నా చాలా ఆలస్యమైంది.

రెండు చేతుల్లో క్యాన్లతో గేటు తోశాను. ముందు వాసన వచ్చింది. పెట్రోలు. కొంచెం కాదు. బంకులో ట్యాంకు మూత తీసినప్పుడు వచ్చేంత.

బావమరిది బానెట్ కిందికి వంగి పైమూత అంచును బ్రష్షుతో గట్టిగా రుద్దుతున్నాడు. మడ్‌గార్డు మీద సగం ఖాళీ అయిన లీటరు సీసా. బ్రష్షు ముంచడమే కాదు, పైనుంచి పోశాడు కూడా. ఇంజను మీద నుంచి కారి, బండి ముక్కు కింద సిమెంటు మీద తడి పరుచుకుని ఉంది. మా ముంగిట గాలి ఆడదు, మూడువైపులా కాంపౌండు గోడలే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది.

అప్పుడే నా భార్య తలుపు దాటి మెట్ల పైకి వచ్చింది. చేతిలో హారతి పళ్లెం. కర్పూరం వెలుగుతోంది. గాలికి ఆరిపోకుండా ఎడమచేయి అడ్డం పెట్టుకుంది.

ఆమెకూ బానెట్‌కూ మధ్య ఏడడుగులుండొచ్చు. మూడు మెట్లు దిగితే నాలుగడుగులు. ఆవిరి ఎంతదూరం పాకిందో నాకు తెలియదు. కొలవడానికి ఏ టేపూ పనికిరాదు. అరవబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె సంగతి నాకు తెలుసు. ఈ జబ్బు వచ్చాక చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే పళ్లెం జారుతుంది. మెట్ల మీద నుంచి జారితే కర్పూరం దొర్లేది ఆ తడి వైపే.

క్యాన్లు చప్పుడు కాకుండా కింద పెట్టాను. కాఫీ అడిగే గొంతుతో అన్నాను.

“ఇదిగో, ఆడనే ఉండు. నేనింకా నీళ్లు పోసుకోలేదు.”

ఆమె పై మెట్టు మీదే ఆగింది. “ఇంకానా? వీడు ఇంజను అయిపోయింది, హారతి తెమ్మన్నాడే.”

“స్నానం చెయ్యకుండా బండికి పూజేంది? ముందు లోపల దేవునికి చూపించు. నేను నీళ్లు పోసుకుని పిలుస్తా.”

“కర్పూరం వెలిగించినాక చెప్తాండావు చూడు” అని విసుక్కుంది. ఒక కాలు కింది మెట్టు మీదికి వచ్చి ఉంది. అది అక్కడే ఉంది. పళ్లెం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. డయాలసిస్ కోసం నరం కలిపిన చేత్తో ఎక్కువసేపు బరువు పట్టకూడదు. ఆ మార్చుకోవడంలో మంట ఒకసారి వంగి లేచింది. తర్వాత ఆమె ఆ కాలు వెనక్కి తీసుకుని, గొణుక్కుంటూ లోపలికి తిరిగింది. చీర కొంగు గడప దాటేదాకా చూస్తూ ఉన్నాను.

బావమరిది తల ఎత్తాడు. “ఏంది బావా, కార్యం చెడగొట్టినావు...”

“కదలొద్దు. బ్రష్షు ఆడనే పెట్టు. ఫోను ముట్టుకోవద్దు. నిదానంగా గేటు దగ్గరికి రా.”

నా మొహంలో ఏం చూశాడో గానీ, బ్రష్షు వదిలేసి వచ్చాడు. నేను సందు గుండా ఇంటి వెనక్కి పోయి, వంటింటి తలుపు దగ్గర నా భార్యకు సంగతి చెప్పాను. గ్యాసు ఆర్పించాను. ముందు తలుపు మూయమన్నాను.

“దేవుని దగ్గర దీపం?” అంది.

“కొండెక్కించు.”

పండగ నాడు వెలుగుతున్న దీపాన్ని కొండెక్కించమనడం ఎంత మాటో నాకు తెలుసు. ఆమె నా వైపు చూసింది. అప్పుడే ఆమెకు అర్థమైందనుకుంటాను. పళ్లెంతో తానేం చేయబోయిందో కూడా. గోడ పట్టుకుని కింద కూర్చుంది. కొంతసేపటికి లేచి, ఒక పువ్వుతో దీపం ఒత్తిని నొక్కింది.

బయటికి వచ్చేసరికి బావమరిది గేటు బయట నిలబడి ఉన్నాడు.

“ఏమప్పా, పెట్రోలు ఎక్కడిది?”

“నా బైకులోంచి తీసిన. నీ సబ్బు పని చేస్తాండ్లేదు గదా.”

“చెయ్యొద్దని చెప్పి పోయినాను.”

“పదిహేనేండ్ల నుంచి కడుగుతాండాము బావా. యాడన్నా మండిందా?”

“డీజిల్‌తో కడిగినావు. అది ఇట్లా ఆవిరి కాదు. ఇది పెట్రోలు. నిప్పు తగలక్కర్లేదు, దగ్గరికి వస్తే చాలు.”

“డీజిల్ ఈ పూట యాడ తెచ్చేది? రెంటికీ ఏం తేడా...” అక్కడ ఆగాడు. తేడా అతనికి తెలియక కాదు. తెలిసిందే ఆ పూట గుర్తు రాలేదు. గొంతు తగ్గించి అన్నాడు, “రేపు అక్కను తీసకపోవాల గదా. నువ్వు పూసలు గుచ్చినట్టు చేస్తాంటే నాకు భయమైంది. దానికోసమే చేసిన.”

“అదే అక్కను హారతి తెమ్మన్నావు.”

అతని నొసటి కుంకుమ చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది.

గోడ పక్కన ఇల్లు కట్టినప్పటి ఇసుక మిగిలి ఉంది. ఇనుము నేలకు రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుందని పార వాడనివ్వలేదు. ప్లాస్టిక్ తట్టతో ఇసుక తెచ్చి తడి మీద మందంగా పోశాం. సీసాకు మూత బిగించి దూరంగా పెట్టాం. పెట్రోలు తాగిన గుడ్డలు వెనక ఖాళీ స్థలంలో, ఎవరూ రాని చోట, విడివిడిగా పరిచాం. కాలువలోకి నీళ్లు కొట్టేద్దామని అతనన్నాడు. ఆ కాలువ మూడిళ్ల అవతల, ఇంటింటికీ బండి పూజలు జరుగుతున్న చోటికే పోతుంది. వద్దన్నాను. తర్వాత గేటు రెండు రెక్కలూ తెరిచి, నేను రోడ్డు మీద నిలబడ్డాను. పక్కింటి టిప్పరు ముందు అప్పటికే గుమ్మడికాయ మీద కర్పూరం పెడుతున్నారు. చేతులు జోడించి, కొంచెం అవతలికి తీసుకుపోయి చేసుకోమని అడిగాను. కారణం చెబితే గొడవ లేకుండా బండి ముందుకు తీశారు.

ఇక ఎదురుచూడటమే. ఎండ బాగా ఉంది, దానివల్ల తొందరగా ఆరుతుంది. గాలి లేదు, దానివల్ల ఆవిరి కదలదు. రెండూ తెలుసు గానీ, రెండూ కలిస్తే ఎంతసేపో నాకు లెక్క దొరకలేదు. నా జీవితంలో లెక్క అందని గంటలు తక్కువ. అవి ఎట్లా గడుస్తాయో కూడా నాకు తెలియదు.

మెకానిక్‌కు ఫోను చేశాను, రోడ్డు అవతలికి పోయి. “అన్నా, బేగ తే. నాలుగున్నర దాటితే నేను బయలుదేరతా, ఈడ మబ్బు పట్టింది” అన్నాడు.

మూడు దాటింది. బావమరిది ముక్కు పైకెత్తి పీల్చాడు. “ఏం లేదు బావా ఇంక. వైరు తగిలించు, పోదాం.”

నేనూ పీల్చాను. నాకూ ఏమీ తెలియలేదు. అంతమాత్రాన నమ్మలేను. బ్యాటరీ వైరు మళ్లీ తగిలించేటప్పుడు ఒక చిన్న నిప్పురవ్వ లేస్తుంది. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. యార్డులో రోజంతా నిలబడిన మనిషికి దుమ్ము వాసన తెలియదు. అట్లాగే మధ్యాహ్నమంతా ఆ వాసనలోనే ఉన్న మా ఇద్దరి ముక్కులూ ఇప్పుడు సాక్ష్యానికి పనికిరావు.

ఆ వాసనకు దూరంగా ముందు తలుపు వెనక ఉండిపోయింది నా భార్య ఒక్కతే. వెనక వాకిలి గుండా రోడ్డు చుట్టి తీసుకొచ్చాను. గేటు దగ్గర నిలబడింది. మా ఇద్దరినీ దూరం పొమ్మని చేయి ఊపింది. రెండడుగులు లోపలికి వేసి, కొంచెం వంగి, కళ్లు మూసుకుని పీల్చింది.

“ఇంకా ఉండాది.”

“అక్కా, టైము...”

“ఇంకా ఉండాదిరా.”

మళ్లీ కూర్చున్నాం. మబ్బు పట్టడంతో కాసేపటికి గాలి మొదలైంది. ఇసుక పైపొర ఎత్తి వేరే ఇసుక పోశాం. నాలుగు కావస్తోంది. ఆమెను మళ్లీ పిలిచాం. ఈసారి బండి ముక్కు దాకా పోయింది. బావమరిది ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. అతను ఏ జవాబు కోరుకుంటున్నాడో నాకు తెలుసు. నేనూ అదే కోరుకుంటున్నాను. వాసన ఉందని ఆమె అంటే మెకానిక్ వెళ్లిపోతాడు. వెళ్లిపోతే రేపు బళ్లారి లేదు. వాసన లేదని అంటే, నేను వైరు తగిలిస్తాను.

ఆమె ఇంజను మీదికి వంగి చాలాసేపు ఉంది.

“ఉండాది. అడుగున, ఆ మూల” అంది. నా వైపు తిరిగింది. “ఏమయ్యా, రేపటి సంగతి రేపు. కాదంటే గోడకానుకుని కూర్చుంటా. ముందు కూర్చోలేదా? ఈ పూట మీరిద్దరూ మాత్రం దీని మీద చెయ్యి పెట్టొద్దు.”

ఆ మాట నెమ్మదిగానే అంది. ఒంట్లో నీళ్లు చేరుతున్నది ఆమెకు. చీలమండల దగ్గర అప్పటికే వాపు కనపడుతోంది. ఆగమన్నదీ ఆమే.

బావమరిది నా ఫోను లాక్కున్నట్టు తీసుకుని రోడ్డు మీదికి పోయాడు. మెకానిక్‌తో అతను మాట్లాడింది సగమే నాకు వినపడింది. “నేనే పోసినా భాయ్... అవును పెట్రోలే... తిట్టు, తర్వాత ఎంతైనా తిట్టు... బండ్రికి మా ఊరి మీదుగానే గదా పోయేది? స్వల్ప ఆగి పోరాదా... అక్కకు రేపు మిషను...”

నాలుగున్నరకు ఆమె మూడోసారి వచ్చింది. అడుగున ఆ మూలకు కూడా వంగి వాసన చూసింది. “ఇప్పుడు సబ్బు వాసనే” అంది. అయినా ఇంకో పావుగంట ఆగాను. పైమూత అంచు ఆరిన గుడ్డతో తుడిచి, కవర్లు తీసి, ఆల్టర్నేటర్ చుట్టూ తడి లేదని చూసుకున్నాను. అక్కనూ తమ్ముణ్నీ రోడ్డు అవతలికి పంపించి, వైరు తగిలించాను. చిటుక్కుమంది. అంతే. చాలాసేపు నా చేయి ఆ స్పానరు మీదే ఉండిపోయింది.

మెకానిక్ చీకటి పడకముందే బైకు మీద వచ్చాడు. సీటు వెనక బట్టల సంచి, భుజాన పనిముట్ల సంచి, చేతిలో కాగితంలో చుట్టిన గ్యాస్కెట్. బానెట్ దగ్గరికి రాకముందే ఆగి గాలి పీల్చి చూశాడు.

“పెట్రోలు పోసినానని ఫోన్లో చెప్పినోడు ఎవడు?”

“నేను” అన్నాడు బావమరిది.

“ఆయుధ పూజా, దహన కార్యమా?” అని అతని భుజం మీద గట్టిగా ఒకటి వేశాడు. అది సరదాకు వేసిన దెబ్బ కాదు. తర్వాత ఇంజను మీదికి వంగాడు. శుభ్రమైన అంచు వెంట వేలు పోనిచ్చి, ఒక మూల ఆపాడు. అక్కడ మాత్రం వేలికి తడి అంటింది.

“ఇదిగో. ఇప్పుడు కనపడుతుంది. మట్టి ఉంటే జన్మలో కనపడేది కాదు.”

పైమూత విప్పాడు. పాత గ్యాస్కెట్ ఎండి బెరడులా విరిగి వచ్చింది. కొత్తది పెట్టి, ఒక్కో బోల్టు ఒక్కో పక్క కొంచెం కొంచెంగా బిగించాడు. స్టార్టు చేయమన్నాడు. మొదటిసారి ఇంజను తిరిగి ఆగిపోయింది. రెండోసారి వణికి, దగ్గి, అందుకుంది. ముగ్గురం ఆ అంచునే చూస్తూ నిలబడ్డాం. పొడిగానే ఉంది. నా భార్య అతనికి వడలు పొట్లం కట్టి ఇచ్చింది. బండ్రి చేరేసరికి చల్లారిపోతాయని అతను అక్కడే రెండు తిన్నాడు.

రాత్రి ఆమె రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకుంది. నేను ఆమె ఊపిరి వింటూ ఉన్నాను.

తెల్లారుజామున బావమరిది మేం పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. తోరణగల్లు దాటేలోపు రెండుచోట్ల ఆపి బానెట్ ఎత్తాను. పొగ లేదు, వాసన లేదు. రెండోసారి ఆపినప్పుడు నా భార్య విసుక్కుంది. “ఎన్నిసార్లు చూస్తావు? పోనీ.” ఆ మాట అనడానికి ఆమె మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇక ఎక్కడా ఆపలేదు.

ఆస్పత్రి గుమ్మం ముందు ఆమెను దింపి, చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయాను. త్రాసు మీద అంకె ఎప్పటికన్నా ఎక్కువే ఉంది. నర్సు రాసుకుంది. సూదులు గుచ్చారు. గొట్టంలో ఎరుపు కదిలింది. ఆమె నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది.

బావమరిది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి అక్క మొహం చూడటానికి ధైర్యం చాలలేదనుకుంటాను.

“మిషను మీదికి ఎక్కించినారా బావా?”

“ఎక్కించినారు.”

అతను అక్కడే, నడిచే దారికి అడ్డంగా, నేల మీద కూర్చున్నాడు. ఎవరో వార్డుబాయ్ జరగమన్నాడు. జరగలేదు. నేను భుజం పట్టుకుని లేపి, గోడ పక్కన ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె బయటికి వచ్చేదాకా, ఆ నాలుగు గంటలూ అక్కడే కూర్చున్నాం.